విమ్‌ను విడదీసిన తీరు

కొత్తగా ఉబుంటు వేసుకున్నవాళ్లు టెర్మినల్‌లో 'వీఐ' అని కొట్టి ఫైలు తెరుస్తారు. రాస్తూ రాస్తూ పై బాణం నొక్కితే కర్సర్ కదలదు, కొత్త వరుసలో 'ఏ' అక్షరం పడుతుంది. కీబోర్డు పాడైందేమోనని కంగారు. కీబోర్డు నిక్షేపంగా ఉంటుంది. బాణం నొక్కినప్పుడు లోపలికి వెళ్లేవి మూడు సంకేతాలు: ఎస్కేప్, ఓ, ఏ. ఎస్కేప్ అంటే రాత ఆపమని, ఓ అంటే పైన కొత్త వరుస తెరవమని అర్థం చేసుకుని, మిగిలిన ఏని ఎడిటర్ అక్కడ రాసేస్తుంది. 1976లో బర్క్‌లీలో బిల్ జాయ్ వీఐ రాసిన ఏడీఎం-3ఏ టెర్మినల్‌కు విడిగా బాణం మీటలే లేవు. ఉబుంటులో వీఐ పేరుతో తెరుచుకునే 'విమ్-టైనీ' ఆ పాత పద్ధతినే పాటిస్తుంది.

డచ్ ప్రోగ్రామర్ బ్రామ్ మోలెనార్ అమిగా కంప్యూటర్ మీద వీఐ తరహా ఎడిటరైన విమ్‌ను తయారుచేసి 1991లో విడుదల చేశాడు. ఏళ్లు గడిచేకొద్దీ రంగుల అక్షరాలు, స్క్రిప్టులు, పెద్ద సహాయ గ్రంథం వచ్చి చేరాయి. ప్రతి యంత్రంలోనూ ఒక ఎడిటర్ ఉండాలి, కానీ మానిటర్ కూడా లేని సర్వర్‌కు కిటికీలు గీసే లైబ్రరీలు ఎందుకు? పైగా ఉన్న ప్రతి లైబ్రరీకీ భద్రతా అప్‌డేట్లు పెడుతూనే ఉండాలి. అందుకే ఉబుంటుకు మూలమైన డెబియన్‌వాళ్లు విమ్‌ను ముక్కలు చేశారు.

ఆ పని ఎంత నేర్పుగా చేశారో చూడండి. ప్రోగ్రామింగ్ భాషల వ్యాకరణ ఫైళ్లు, సహాయం అన్నీ 'విమ్-రన్‌టైమ్'లో పెట్టారు. ముప్పై మెగాబైట్లు దాటే ఈ భాగం ప్రాసెసర్‌ను బట్టి మారదు కాబట్టి ఇంటెల్‌కైనా, ఆర్మ్‌కైనా ఒకే ప్యాకేజీ సరిపోతుంది. ప్రాసెసర్‌ను బట్టి మారే ప్రోగ్రామ్ మాత్రం టైనీ, మామూలు విమ్, కిటికీలు గీసే జీటీకే విమ్‌గా వేరువేరుగా వస్తుంది. టైనీలో సహాయం అడిగితే, అది ఇక్కడ లేదని చెప్పే చిన్న ఫైలు తెరుచుకుంటుంది. రన్‌టైమ్ రాగానే ఆ ఫైలును పక్కకు జరిపి అసలుది దాని స్థానంలోకి వస్తుంది. 'వీఐ' పేరు కూడా ఒక లింకే. టైనీకి 15, మామూలు విమ్‌కు 30, జీటీకేకు 50 అని ప్రాధాన్యాలున్నాయి. పెద్ద అంకె ఏదుంటే లింకు దానికే పోతుంది.

విడదీయడం సబబే. తప్పంతా, ఏ ముక్క తన దగ్గరుందో కొత్తవాడికి చెప్పకపోవడంలో ఉంది. సర్వర్‌లో రెండు వరుసలు దిద్దడానికి టైనీ చాలు. రోజూ రాసేవాళ్లు మాత్రం 'సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ విమ్' అని కొట్టండి, బాణాలు దారికొస్తాయి.