గాల్లో విమానం... తెరపై గారడీ!

ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని శంషాబాద్‌లో విమానం లేపితే, నిమిషాల్లో కింద జనగామ. ఆపైన మామునూరు. అక్కడ కుడికి తిప్పితే మానుకోట, ఎడమకు తిప్పితే భూపాలపల్లి. నిజాం కాలం నాటి మామునూరు విమానాశ్రయంలో 1981 తర్వాత రాకపోకలు ఆగిపోయినా, ఫ్లైట్ సిమ్యులేటర్‌కు ఆ ఇబ్బంది లేదు. దాని ఇబ్బందులు వేరే! రన్‌వే మీది తెల్లగీతలు మిణుకుమిణుకుమంటాయి. చెరువు నీళ్లు గట్టెక్కి కూర్చుంటాయి. ఉన్నట్టుండి తెరంతా రంగురంగుల గళ్లు! 'గ్రాఫిక్స్ కార్డు పోయింది, కొత్తది కొనాల్సిందే' అని తేల్చేస్తాడు పిల్లాడు. నాన్న గుండెల్లో రాయి పడుతుంది. వేలల్లో మాట మరి!

కాస్త ఆగండి. తెరమీది ప్రతి వింతకూ కార్డే కారణం కాదు.

2 బదులు 212

మైక్రోసాఫ్ట్ 2020 ఆగస్టులో కొత్త ఫ్లైట్ సిమ్యులేటర్ విడుదల చేసింది. కొద్దిరోజులకే ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ శివార్లలో, మామూలు ఇళ్ల మధ్య, ఆకాశాన్నంటే సన్నటి మేడ ఒకటి కనిపించి అందరూ నోరెళ్లబెట్టారు. ఆరా తీస్తే అసలు సంగతి తేలింది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత పటంలో ఎవరో 2 అంతస్తులని కొట్టబోయి 212 అని కొట్టారు. పటంలో తప్పు దిద్దినా, సిమ్యులేటర్‌లోకి పాత లెక్కే వెళ్లింది. ఎన్ని కార్డులు మార్చినా ఆ మేడ కూలేది కాదు!

రోగం ఎక్కడ?

అందుకే ముందు చూడాల్సింది, తేడా ఎక్కడ వస్తోందని. ఒక్క ఊరి మీదే వస్తే పటానిదో, విడిగా చేర్చుకున్న దృశ్యాలదో తప్పు. చేర్చుకున్నవన్నీ తీసేసి మళ్లీ ఎగరేయండి. సిమ్యులేటర్‌లో ఎక్కడికెళ్లినా వస్తే సెట్టింగులనో, డ్రైవర్‌నో అనుమానించాలి. మిగతా ఆటల్లోనూ, ఖాళీ డెస్క్‌టాప్ మీదా కనిపిస్తే కార్డు, కేబుల్, మానిటర్ల వంతు.

ఇక్కడో చిట్కా ఉంది. మచ్చలు కనిపించినప్పుడు స్క్రీన్‌షాట్ తీసి, ఫోన్‌లోకి పంపి చూడండి. అందులో మచ్చల్లేకపోతే దోషం కేబుల్‌దో, మానిటర్‌దో కావచ్చు. కేబుల్ మారిస్తే సరిపోవచ్చు!

లక్షణాన్ని బట్టి వైద్యం

రన్‌వే గీతలు మిణుకుతుంటే భయం లేదు. నేలా, దానిమీది గీతా దాదాపు ఒకే ఎత్తులో ఉండటంతో, దూరం నుంచి ఏది పైనుందో కంప్యూటర్ తేల్చుకోలేదు. దగ్గరికెళ్తే తగ్గుతుంది.

బొమ్మ అడ్డంగా చీలినట్టుంటే, కార్డు వేగానికీ మానిటర్ వేగానికీ పొత్తు కుదరలేదన్నమాట. సెట్టింగుల్లో వీ-సింక్ ఆన్ చేయాలి.

భవనాలు కరిగిన మైనంలా, నేల మసకగా కనిపిస్తే నెట్ వేగం చూసుకోవాలి. 2020 నాటి సిమ్యులేటర్ నేల చిత్రాలను ఎగురుతుండగానే ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుంటుంది.

కొత్త డ్రైవర్ వేసిన మర్నాటి నుంచే తంటా మొదలైందా? కార్డుకూ విండోస్‌కూ మధ్య దుబాసీ ఈ డ్రైవరే. దాన్ని పూర్తిగా తీసేసి పాతది వేసి చూడండి.

చుక్కలు, గళ్లు వచ్చి, ఆడేకొద్దీ ఎక్కువవుతుంటే వేడిని అనుమానించాలి. వేసవిలో 40 డిగ్రీలు దాటే మన జిల్లాల్లో ఇది తేలిగ్గా తీసుకునే విషయం కాదు. బొగ్గు గనులున్న భూపాలపల్లి వైపు దుమ్ము సంగతి చెప్పనే అక్కర్లేదు. కంప్యూటర్ ఆపి, ప్లగ్ తీసి, ఫ్యాన్ రెక్క తిరక్కుండా వేలితో పట్టుకుని మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపాలి. ల్యాప్‌టాప్‌ను పరుపు మీద పెడితే గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. బల్ల మీదే పెట్టాలి.

ఒక్కటంటే ఒక్కటే!

చాలామంది ఒకేసారి నాలుగు సెట్టింగులు మార్చేస్తారు. బాగుపడినా దేనివల్లో తెలీదు, చెడినా అంతే. ఒకసారికి ఒక్కటే మార్చాలి. ఏం మార్చారో, ఏమైందో నోటుబుక్కులో రాసుకోవాలి. నిజం పైలట్లు తేడా వస్తే కంగారుపడరు, చెక్‌లిస్టు తీస్తారు. ఇంట్లో పైలట్‌కూ ఓ చెక్‌లిస్టు ఉండాలి. కొత్త కార్డు కొనడమన్నది అందులో చిట్టచివరి వరుస!