రక్త విరేచనాలన్నీ మొలలు కావు

మలంలో రక్తం కనిపిస్తే మన ఇళ్లలో మొదట వినిపించే మాట ‘వేడి చేసింది’. తర్వాతిది ‘మొలలేమో’. సూరత్ గోడాదరాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లోనూ అంతే. కారం మాన్పిస్తారు, మజ్జిగ తాగిస్తారు, మెడికల్ షాపు నుంచి బిళ్లలు తెస్తారు. రెండు రోజుల్లో తగ్గితే సరే. వారాల తరబడి రక్తం, జిగట పడుతూ, నిద్రలోంచి లేచి మరీ వెళ్లాల్సి వస్తుంటే, మనిషి చిక్కిపోతుంటే మాత్రం ఐబీడీని అనుమానించాలి.

ఐబీడీ అంటే పేగుల్లో ఏళ్ల తరబడి ఉండే వాపు. ఇందులో ప్రధానంగా రెండు రకాలు. అల్సరేటివ్ కొలైటిస్ పెద్దపేగు లోపలి పొరకు పుండ్లు చేస్తుంది. క్రోన్స్ వ్యాధి నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు, పేగు గోడలోకి లోతుగా దిగుతుంది. రెండూ ఎక్కువగా పడుచు వయసులోనే బయటపడతాయి. ఒకరి నుంచి ఒకరికి అంటుకోవు.

ఎందుకొస్తుందంటే ఒక్క కారణం చెప్పలేం. పేగుల్లో ఉండే కోటానుకోట్ల సూక్ష్మజీవులను మన రోగనిరోధక శక్తి మామూలుగా సహిస్తుంది. జన్యువుల్లో ఈ జబ్బుకు లొంగే తత్వం ఉన్నవారిలో, పరిసరాల ప్రభావం కూడా తోడైతే ఆ సర్దుబాటు చెడుతుంది. కాపలా కుక్క ఇంటివాళ్లనే కరిచినట్టు, రోగనిరోధక శక్తి సొంత పేగు మీదే పడుతుంది. తల్లిదండ్రులకో తోబుట్టువులకో ఉంటే ముప్పు కొన్ని రెట్లు పెరుగుతుంది. అయినా రోగుల్లో ఎక్కువమందికి ఇంట్లో మరెవరికీ ఉండదు.

ఇంగ్లండ్‌లోని లెస్టర్ నగరంలో గుజరాతీలు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డారు. అక్కడి హిందువుల్లో, సిక్కుల్లో అల్సరేటివ్ కొలైటిస్ స్థానిక యూరోపియన్ల కంటే ఎక్కువగా వస్తోందని 1992లో ఒక అధ్యయనం తేల్చింది. కొత్త చోటి తిండి, జీవనం ఈ జబ్బును బయటికి లాగుతాయన్న అనుమానం అలా బలపడింది. అలాగని సొంత ఊళ్లో ఉంటే రాదనుకోవడానికీ లేదు. హైదరాబాద్ ఏఐజీ ఆసుపత్రి వైద్యులు తెలంగాణలో పొట్ట బాధలున్న 30 వేలకు పైగా మందిని పరిశీలించి 2023లో ఫలితాలు ప్రకటించారు. ఐబీడీ ఉన్నవారి శాతం పల్లెల్లోనూ పట్నాల్లోనూ దాదాపు ఒక్కటే. ప్యాకెట్ తిండి ఇప్పుడు పల్లె కిరాణా కొట్టులోనూ వేలాడుతోంది. పీచు తగ్గి, బాగా ప్రాసెస్ చేసిన తిండి పెరగడం మీద వైద్యులకు అనుమానం ఉంది.

బీడీ, సిగరెట్ క్రోన్స్ ముప్పును పెంచుతాయి, ఉన్న జబ్బును ముదరబెడతాయి. చిన్నతనంలో పదేపదే వాడిన యాంటీబయాటిక్స్‌కూ ఈ జబ్బుకూ సంబంధం కనిపిస్తోంది. సూరత్‌లో పవర్‌లూమ్ దగ్గర 12 గంటల షిఫ్టు నిలబడి, నడుం నొప్పికి డైక్లోఫెనాకో ఐబుప్రొఫెనో వేసుకోవడం చాలామందికి అలవాటు. ఇప్పటికే ఐబీడీ ఉన్నవారిలో ఆ బిళ్లలు జబ్బును తిరగబెట్టవచ్చు. మానసిక ఒత్తిడి కూడా అంతే. కారం మాత్రం జబ్బు తెచ్చిపెట్టదు, పుండున్నప్పుడు బాధ పెంచుతుందంతే.

మన దేశంలో మరో చిక్కు పేగు క్షయ. కడుపునొప్పి, జ్వరం, బరువు తగ్గడం దానిలోనూ ఉంటాయి, క్రోన్స్‌లోనూ ఉంటాయి. క్షయను క్రోన్స్ అనుకుని స్టెరాయిడ్లు ఇస్తే క్షయ విజృంభిస్తుంది. అందుకే కొలనోస్కోపీ చేసి, ముక్క తీసి పరీక్షించాకే మందు మొదలుపెట్టాలి.

మలంలో రక్తం పడుతూ, విరేచనాలు నాలుగు వారాలు దాటినా ఆగకపోతే ఇక మజ్జిగతో సరిపెట్టకూడదు. రక్తం బాగా పోతున్నా, జ్వరం ఉన్నా అన్నాళ్లు కూడా ఆగవద్దు. సూరత్‌లోని స్మీమేర్ ఆసుపత్రికో సివిల్ ఆసుపత్రికో వెళ్లి మొలలే అని తేల్చుకున్నాకే మొలల మందు వాడండి. ఐబీడీ అని తేలితే దాన్ని అదుపులో ఉంచే మందులున్నాయి. రక్తం ఆగింది కదా అని వాటిని సొంతంగా ఆపేస్తే జబ్బు తిరగబెట్టవచ్చు.