ముదిరిన వేళ్ళకు హార్మోనియం

"మొక్కై వంగనిది మానై వంగునా" అని మనవాళ్ళు ఎప్పుడో తీర్మానించి పెట్టారు. ఈ సామెతను అడ్డం పెట్టుకొని సంగీతానికి దూరంగా చేతులు ముడుచుకు కూర్చున్న వాళ్ళకు లెక్కలేదు. "చిన్నప్పుడు నేర్పించేవాళ్ళు లేకపోయారు, ఇప్పుడేం వస్తుందిలే" అని ఇరవై ఏళ్ళ వాళ్ళమే హాస్టల్లో అనుకుంటూంటే ఇక అరవై ఏళ్ళ వాళ్ళను అనవలసిందేముంది? పాశ్చాత్య దేశాలలో ఉద్యోగం విరమించినవారు పియానో ముందు కూర్చొని తొలి పాఠం మొదలుపెట్టడం వింత కాదు. మన పల్లెల్లో పియానో లేదు గాని, అదే మెట్ల వరుస గల హార్మోనియం ఉంది. భజన మందిరంలో ఉంది, నాటకాల రిహార్సల్సులో ఉంది, చర్చిలో ఉంది. దాన్ని గురించే ఈ నాలుగు మాటలు.

హార్మోనియం మన దేశపు వాద్యం కాదు. పారిస్ నగరంలో అలెగ్జాండర్ డెబేన్ 1842లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. అది కాళ్ళతో తొక్కి వాయించే పెద్ద పెట్టె. కుర్చీల మీద కాక చాప మీద కూర్చునే మనకోసం దాన్ని చేతితో తిత్తి ఊదే చిన్న పెట్టెగా మలచిన వారిలో ముఖ్యుడు కలకత్తాకు చెందిన ద్వారకానాథ్ ఘోష్. లోపలి సంగతి చాలా సులువు. ఇత్తడి పలకలో సన్నని కంత, ఆ కంత మీద ఒక కొస మాత్రమే బిగించిన ఇత్తడి నాలుక. దీన్నే రీడు అంటారు. మెట్టు నొక్కితే గాలికి దారి తెరుచుకుంటుంది, నాలుక ఊగుతుంది, స్వరం పలుకుతుంది. నాలుక పొడవు సగమైతే కంపన సంఖ్య ఇంచుమించు నాలుగింతలవుతుంది. శ్రుతి సరిచేసేవాడు నాలుక కొసను ఆకురాయితో కాస్త గీకితే స్వరం పైకి పోతుంది, మొదలు దగ్గర గీకితే కిందికి దిగుతుంది. బీయస్సీ ఫిజిక్సులో మనం చదివే దండం కంపనాలే ఇవి, కాకపోతే లేబొరేటరీలో పాట రాదు!

ఇంత సులువైన వాద్యాన్ని పండితులు చాలాకాలం దూరం పెట్టారు. ఆకాశవాణి 1940 నుండి 1971 దాకా దీన్ని నిషేధించింది. వారి అభ్యంతరం ఉత్త మొండితనం కాదు. హార్మోనియంలో ఒక స్థాయిని పన్నెండు సమాన నిష్పత్తులుగా కోశారు, మెట్టుకూ మెట్టుకూ నిష్పత్తి 1.0595. షడ్జం 240 అనుకుంటే తంబురా నాదంలో వినిపించే గాంధారం 300 కావాలి, హార్మోనియం 302.4 పలుకుతుంది. రెండూ కలిపి మోగిస్తే సెకనుకు రెండుసార్లకు పైగా అల లేస్తుంది, శ్రద్ధగా వింటే మామూలు చెవికైనా తెలుస్తుంది. పైగా గమకం లేదు. వీణ తీగను లాగినట్టు ఇత్తడి నాలుకను లాగడం కుదరదు గదా.

అయితే నేను చెప్పదలచినది ఇక్కడే ఉంది. పండితులు ఏది లోపమన్నారో అదే వయస్సు మీరి నేర్చుకునేవాడికి ఊతకర్ర. వయొలిన్ పట్టినవాడు స్వరాన్ని తానే వెతుక్కొని తయారు చేసుకోవాలి, కొన్ని సంవత్సరాలు అపస్వరాలే పలుకుతాయి. పసివాడైతే సిగ్గు లేకుండా పలికిస్తాడు. పెద్దవాడు నాలుగు రోజులకే ఇంట్లోవాళ్ళ ముఖాలు చూసి కట్టిపెడతాడు. హార్మోనియం మెట్టు మీద ఎవరి వేలు పడినా మొదటి రోజునే సరియైన స్వరం పలుకుతుంది. పియానో కూడా అంతే.

మా పెదనాన్న యాభై ఏడో ఏట మొదలుపెట్టాడు. మా ఊళ్ళో ఏటా శివరాత్రికి హరిశ్చంద్ర నాటకం వేస్తారు. వాయించే హార్మోనిస్టు ముసలితనాన కొడుకు దగ్గరకు పట్నం వెళ్ళిపోయాడు. బయటినుండి పిలిపిస్తే ఒక్క రాత్రికి అడిగే డబ్బు కమిటీకి తలకు మించిన పని. హార్మోనిస్టు లేకపోతే నాటకం లేదు, ఎందుకంటే ఒక్కొక్క నటుడిదీ ఒక్కొక్క శ్రుతి, అందిస్తే గాని పద్యం ఎత్తడు. "పద్యాలన్నీ నాకు నోటికొచ్చు గదరా, వేళ్ళకే రావాలి" అని పెదనాన్న పెట్టె ముందు కూర్చున్నాడు. జనం నవ్వారు. ఆయన అన్న మాటలో మాత్రం శాస్త్రం ఉంది. చిన్నపిల్లవాడికి వేళ్ళు చురుకు, చెవిలో సరుకు తక్కువ. పెద్దవాడి చెవిలో నలభై ఏళ్ళ పాటలున్నాయి. తప్పు మెట్టు పడితే ఎవరూ చెప్పనక్కరలేదు, తనకే తెలుస్తుంది.

ఇక వేళ్ళ మాట. ఉంగరపు వేలు విడిగా లేవదని అందరూ బాధపడతారు. అది నాగలి పట్టినందువల్ల కాదు, వయస్సువల్లా కాదు. ఆ వేలిని ఎత్తే స్నాయువు పక్క వేళ్ళ స్నాయువులతో అడ్డబంధాలతో ముడిపడి ఉంటుంది, అది అందరికీ ఉన్న కట్టుబాటే. సాధనతో చాలావరకు లొంగుతుంది. పెద్దల మెదడు కూడా మారుతుందనడానికి నిదర్శనం ఉంది. లండన్ వీధులన్నీ కంఠస్థం చేసి టాక్సీ పరీక్ష నెగ్గిన పెద్దవాళ్ళ మెదడులో, దారులు గుర్తుంచుకొనే భాగం పెరిగినట్టు 2011లో ప్రకటించిన పరిశోధన చూపింది.

మొదటి రోజున ఏం చేయాలి? సరళీ స్వరాలు మాయామాళవగౌళతో మొదలుపెట్టడం సంప్రదాయం. నన్నడిగితే మొదటి వారం తెల్ల మెట్ల జోలికే పోవద్దంటాను. నల్ల మెట్లు ఒక స్థాయిలో ఐదే ఉంటాయి. నాలుగున్నర శ్రుతి, అనగా మూడు నల్లమెట్ల గుంపులో మొదటిది, షడ్జంగా పెట్టుకొని వరుసగా నల్లవే నొక్కుకుంటూ పోతే అది మోహన రాగం! ఒక్క తప్పు స్వరం కూడా పడదు. అవే ఐదు మెట్లలో షడ్జాన్ని ఐదున్నరకు మారిస్తే మధ్యమావతి, ఆరున్నరకు మారిస్తే హిందోళం, ఒకటిన్నరకు శుద్ధసావేరి, రెండున్నరకు శుద్ధధన్యాసి. గ్రహభేదమని పండితులు చెప్పేది ఇదే. పాఠం చదివితే అర్థం కాని వాడికి వేళ్ళు చెబుతాయి. ఐదు రాగాలు ఒక్క సాయంత్రంలో వినిపించాక పెట్టె వదిలిపెట్టిన మనిషిని నేను చూడలేదు.

తరువాత తెలిసిన పాట ఒకటి చెవితో వెతుక్కోవాలి. రోజుకు పావుగంట చాలు. ఆదివారం పూట మూడు గంటలు కూర్చోవడం కంటే అదే మేలు, నిద్రలో వేళ్ళ పాఠం స్థిరపడుతుంది గనుక. ఎడమచేతి తిత్తిని ఉయ్యాల ఊపినట్టు నిదానంగా, ఎడతెగకుండా ఊదడం కుడిచేతి కంటే కష్టం. దీన్ని చాలామంది పట్టించుకోరు, అందుకే వాళ్ళ పాట ఎక్కిళ్ళు పడుతుంది. బొటనవేలిని కిందుగా దూర్చి ముందుకు పోవడం మొదటినుండీ అలవరచుకోవాలి, రెండువేళ్ళతో పొడిచే అలవాటు తరువాత వదలదు.

పెదనాన్నకు మొదటి పద్యం తిన్నగా పలకడానికి ఐదు నెలలు పట్టింది, కాటిసీను వాయించడానికి రెండేళ్ళు. వేగంగా పరుగెత్తే సంగతులు ఇప్పటికీ రావు. అక్కడ శ్రుతి మాత్రం పట్టుకొని నిలబడతాడు, నటుడే పాడుకుంటాడు. నాటకం నడుస్తోంది.

పాత పెట్టె కొనేవారు ఒక పరీక్ష చేయండి. మెట్టేదీ నొక్కకుండా తిత్తి నిండా గాలి పట్టి వదిలేయండి. వెంటనే కూలిపోతే గాలి కారుతున్నట్టు. ఒక స్వరం మూగబోతే కంగారుపడి రిపేరుకు పంపనక్కరలేదు, సాధారణంగా రీడు సందులో దుమ్ము రేణువు ఇరుక్కొని ఉంటుంది. పై పలక తీసి, నాలుక కింద పలుచని కాగితం ముక్క మెల్లగా దూర్చి తీస్తే పలుకుతుంది. వానాకాలం పెట్టెను నేలమీద ఉంచకండి, ఇత్తడికి కిలుం పడుతుంది. ధాన్యపు గదిలో అసలే పెట్టకండి, ఎలుకలకు తిత్తి తోలంటే మహా ఇష్టం.