పిలువని పేరంటము: ఎడింబరో ‘ఫ్రింజ్’ ఉత్సవములో కొత్త నాటకము

నాటకము వ్రాయుట ఒక యెత్తు. దానిని రంగమెక్కించుట మరియొక యెత్తు. వ్రాసిన నాటకము అచ్చుపడి గ్రంథాలయమున ఉండవచ్చును గాని, ప్రేక్షకుల నవ్వును, నిశ్శబ్దమును, ఆవులింతను చవిచూచినప్పుడే అది నిజముగా నాటకమగును. అయితే పేరుమోసిన నాటకశాలలు పేరులేని రచయితకు సులభముగా తలుపు తీయవు. పరిషత్తుల పోటీలలో పరిశీలకులు ముందుగానే వడపోయుదురు. ఈ రెండు చోట్లను చోటు దొరకని కొత్త నాటకము ఎచ్చటికి పోవలెను? ఈ ప్రశ్నకు స్కాట్లండు రాజధానియగు ఎడింబరో నగరమున 1947 నుండి ఒక సమాధానము లభించుచున్నది. దానిని ‘ఫ్రింజ్’ అందురు. ఆ యుత్సవమెట్లు పుట్టినది, అందు కొత్త నాటకమును ఎట్లు సిద్ధపరచి ప్రదర్శింతురు, రాష్ట్రేతర ప్రాంతములలో తరతరములుగా నివసించుచున్న తెలుగువారమగు మనము అందుండి గ్రహింపదగినదేమి - అను విషయములను ఈ వ్యాసమున వివరింప యత్నింతును.

ఉత్సవము పుట్టుక

రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన రెండేండ్లకు, 1947 ఆగస్టులో, ఎడింబరో అంతర్జాతీయ కళోత్సవము ప్రారంభమైనది. యుద్ధముచే చీలిపోయిన యూరపు ప్రజలను కళల ద్వారా మరల దగ్గర చేయవలెనన్నది నిర్వాహకుల ఆశయము. రుడాల్ఫ్ బింగ్ దానికి మొదటి సంచాలకుడు. పేరొందిన వాద్యబృందములకును, నాటకసమాజములకును ఆహ్వానములు వెళ్ళినవి. ఆహ్వానమందని ఎనిమిది బృందములు, అనగా స్కాట్లండువి ఆరు, ఇంగ్లండువి రెండు, పిలువని పేరంటమునకు వచ్చినట్లు తమంతట తామే వచ్చి, దొరికిన తావులలో ప్రదర్శనలిచ్చినవి. వానిలో నొకటి నగరమునకు వెలుపల డన్ఫర్మ్‌లిన్ పట్టణమందలి పురాతన క్రైస్తవ దేవాలయమున జరిగినది. మరుసటి యేడు, 1948లో, రాబర్ట్ కెంప్ అను స్కాటిష్ నాటకకర్త పత్రికలో వ్రాయుచు, ఇవి ఉత్సవపు ‘ఫ్రింజ్’లో, అనగా అంచున, జరుగుచున్నవని పేర్కొనెను. ఆ మాటయే పేరై నిలిచినది.

1958లో ఫ్రింజ్ సొసైటీ ఏర్పడినది. బృందములకు సమాచారమిచ్చుట, ప్రదర్శనల పట్టికను ప్రకటించుట, టిక్కెట్ల విక్రయమును చూచుట దాని పనులు. నాటకములను ఎంపిక చేయుట దాని పని కాదు. ఈ నియమమే ఆ యుత్సవమునకు ప్రాణము. ఎనిమిది బృందములతో మొదలైన ఆ పేరంటమునకు ఇటీవలి సంవత్సరములలో ఒక్కొక్క ఆగస్టున మూడు వేలకు మించిన ప్రదర్శనలు వచ్చుచున్నవి.

ఇచ్చట ఒక అపోహను తొలగింపవలెను. ఎవరైనను రావచ్చునన్న మాటకు అన్నియు ఉచితమని అర్థము కాదు. బృందము తన హాలును తానే కుదుర్చుకొనవలెను. ఆ హాలు యజమాని తనకు నచ్చిన నాటకమునే ఒప్పుకొనవచ్చును. పట్టికలో పేరు చేర్చుటకు రుసుము, నటుల బసకు ఖర్చు తప్పవు. అంతియే కాక, 1968లో చట్టము మారువరకు బ్రిటనులో ప్రజల యెదుట ప్రదర్శించు ప్రతి కొత్త నాటకమునకును లార్డ్ ఛాంబర్లేను కార్యాలయపు అనుమతి కావలసియుండెను. కావున ఫ్రింజ్ ఇచ్చిన స్వేచ్ఛ పరిమితమైనదే. కాని నాటకము మంచిదా, చెడ్డదా యను తీర్పు ఉత్సవ సంఘము చేతిలో కాక, టిక్కెట్టు కొన్న ప్రేక్షకుని చేతిలో ఉండుటయే అందలి విశేషము.

ఒద్దికలు సాగు విధము

ఫ్రింజ్‌లో సాధారణముగా ఒకే హాలును ఉదయము మొదలు అర్ధరాత్రి వరకు పలు బృందములు వంతులవారీగా వాడుకొనును. ఒక్కొక్క నాటకమునకు సుమారు గంట కాలము. ఒక బృందము దిగిపోయి మరియొక బృందము ఎక్కుటకు తరచుగా పావుగంటకు మించి వ్యవధి యుండదు. ఈ ఒక్క నిర్బంధమునుండియే తక్కిన పద్ధతులన్నియు పుట్టినవి.

మొదటిది, రచన. కాలము ముందే నిర్ణయమై యుండుటచే రచయిత యేబది, యేబదియైదు నిమిషములలో కథను ముగింపవలెను. మొదటి పఠనమున నటులందరు చుట్టు కూర్చుండి నాటకమును బిగ్గరగా చదువుదురు. ఒకరు గడియారము చూచుచుందురు. ఎక్కువైన భాగమును అప్పుడే గుర్తింతురు. చదువునపుడు అందముగా తోచిన సంభాషణ నిలుచుండి నడచుచు పలుకునపుడు బరువైపోవును. కావున కొత్త నాటకపు ఒద్దికలలో, అనగా రిహార్సలులలో, రచయిత దగ్గరనే యుండి కొట్టివేతలకు సమ్మతింపవలసి యుండును. పాత నాటకమునకు ఈ కష్టము లేదు; దాని మంచిచెడ్డలను వెనుకటి ప్రదర్శనలే తేల్చియుండును.

రెండవది, స్థలము. ఒద్దికలు తమ యూరిలో జరుగును. ఆడవలసిన వేదిక వేరొక యూరిలో నుండును. అందుచే ఆ వేదిక కొలతలను తెప్పించుకొని, నేలపై గీతలు గీచి, ఆ గీతల మధ్యనే అభ్యసింతురు. ఇంటి వసారాలో పదియడుగులు నడచి చెప్పిన మాటను అచ్చట నాలుగడుగులలో చెప్పవలసి వచ్చినచో నటుడు తడబడును.

మూడవది, సామగ్రి. పావుగంటలో ఎక్కించి దింపవలసినప్పుడు అంతఃపురపు తెరలకును, సింహాసనములకును తావు లేదు. ఒక కుర్చీ, ఒక పెట్టె, రెండు దీపములు చాలును. రాజభవనమో, రైలుపెట్టెయో ప్రేక్షకునికి నటుని మాటచేత, చూపుచేత తోచవలెను. సామాను నెవరు పట్టవలెను, ఏ మూలనుండి దిగవలెను అన్నది కూడ గడియారము పెట్టుకొని అభ్యసింతురు.

నాలుగవది, దీపములు, ధ్వని. హాలులో వీనిని సరిచూచుకొనుటకు బృందమునకు దొరకునది కొద్ది గంటలు మాత్రమే. ఆ వేళ నాటకమంతయు ఆడరు. దీపము మారు చోట్లను, ధ్వని వినవలసిన చోట్లను మాత్రమే ఒకదాని వెనుక నొకటి చూచుకొందురు. ఏ మాటకు ఏ దీపము వెలుగవలెనో ముందుగనే వ్రాసికొనని బృందమునకు ఆ గంటలు వృథాయగును.

ఐదవది, ప్రేక్షకులను రప్పించుట. మధ్యాహ్నము హై స్ట్రీటు వీథిలో నటులే వేషములతో నిలుచుండి కరపత్రములు పంచుదురు. సాయంకాలము వారే రంగమెక్కుదురు. పది మంది చూచుచున్నను నూరు మందికి ఆడినట్లే ఆడవలెను. ఆ పది మందిలో విమర్శకుడుండవచ్చును.

ఒక యుదాహరణము

1966 ఆగస్టులో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ విద్యార్థుల బృందము క్రాన్‌స్టన్ స్ట్రీట్ హాలులో ఒక కొత్త నాటకమాడెను. షేక్స్పియరు ‘హామ్లెట్’ నాటకములో రాజాజ్ఞకు తలయొగ్గి వచ్చి ఊరక చచ్చు ఇద్దరు చిల్లర పాత్రలను కథానాయకులుగా చేసిన నాటకమది. పేరు ‘రోసెన్‌క్రాంట్జ్ అండ్ గిల్డెన్‌స్టెర్న్ ఆర్ డెడ్’. రచయిత టామ్ స్టాపర్డ్. అప్పటికి ఇరువదితొమ్మిదేండ్ల వాడు. ‘అబ్జర్వర్’ పత్రికా విమర్శకుడు రొనాల్డ్ బ్రైడెన్ మిక్కిలి ప్రశంసించెను. అది చదివి నేషనల్ థియేటరు సాహిత్య సలహాదారు కెనెత్ టైనన్ ప్రతికై తంతి పంపెను. 1967 ఏప్రిలులో ఆ నాటకము లండనులోని ఓల్డ్ విక్ రంగశాలలో నేషనల్ థియేటరు ప్రదర్శనముగా వెలసెను. 2013లో ఫీబీ వాలర్-బ్రిడ్జ్ తానే వ్రాసి, తానొక్కతెయే నటించిన ‘ఫ్లీబ్యాగ్’ కూడ అచ్చటనే మొదట వెలుగు చూచినది. ‘స్కాట్స్‌మన్’ పత్రిక 1973 నుండి ఫ్రింజ్‌లోని కొత్త నాటకములకు ప్రత్యేక బహుమానము నిచ్చుచున్నది.

అయితే ఇట్టి భాగ్యము వేలలో ఏ కొందరికో పట్టును. పెక్కు బృందములు చేతి సొమ్ము పోగొట్టుకొని తిరిగి వచ్చును. అయినను ఎవరికి పట్టునో ముందుగా ఏ సంఘమును చెప్పజాలదు గనుకనే తలుపు అందరికి తెరచి యుంచుట సార్థకమైనది.

మన అంచు

అంచున కొత్త నాటకము పుట్టుట మనకు వింత గాదు. నాటి మద్రాసు రాజధానిలో తెలుగు కన్నడములు కలసి మెలగు బళ్ళారి పట్టణమున, న్యాయవాదియగు ధర్మవరము రామకృష్ణమాచార్యులు 1886లో సరస వినోదినీ సభను స్థాపించి, ‘చిత్రనళీయము’ మొదలగు తన నాటకములను ఆడించెను. కోలాచలము శ్రీనివాసరావు సుమనోరమా సభ పక్షమున చారిత్రక నాటకములకు త్రోవతీసెను. 1891లో బళ్ళారి బృందము మద్రాసులో ఇచ్చిన ప్రదర్శనములు చూచి ఉత్తేజితుడై పమ్మల్ సంబంధ మొదలియారు ఆ యేడే సుగుణ విలాస సభను నెలకొల్పెను. తమిళ నాటకరంగమున కొక మలుపునకు ప్రేరణ యిచ్చినది సరిహద్దు పట్టణపు తెలుగు నాటకము. ధర్మవరమువారి మేనల్లుడు బళ్ళారి రాఘవ (1880-1946) న్యాయవాదిగా నుండియే నటనకు వన్నె తెచ్చెను. 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రమున చేరినది. ఆ చరిత్ర మాత్రము మనదిగానే యున్నది.

1929లో తెనాలిలో మొదలైన ఆంధ్ర నాటక కళాపరిషత్తు, దాని వెనుక వచ్చిన పరిషత్తులు పోటీల ద్వారా నాటికను పెంచినవి. ఆ మేలును మరువరాదు. కాని పోటీకి కొలబద్దలుండును. హోసూరు తెలుగును, బరంపురపు తెలుగును, షోలాపురపు మగ్గాల వీథుల తెలుగును ఆ కొలబద్దలతో కొలిచిన ‘యాస’ అన్న పేరున మార్కులు తగ్గుట సంభవము. ఇంట తెలుగు, బడిలో కన్నడమో ఒడియమో మరాఠీయో మాటలాడు కుటుంబపు కథను మనము తప్ప వేరెవరు వ్రాయగలరు? అది మన నోటి తెలుగుననే రంగమెక్కవలెను.

ఇందు మరియొక ప్రయోజనము కలదు. మన పిల్లలలో తెలుగు లిపి రానివారు పెక్కుమంది. వారి పాత్రల మాటలను తమిళములోనో ఒడియాలోనో వ్రాసి యిచ్చినను పలుకవలసినది తెలుగే. ఉపన్యాసమున ఒకసారి విన్న మాట చెవిని దాటిపోవును; ఒద్దికలో నలువదిసార్లు పలికిన మాట నాలుకపై నిలుచును.

కావున మన సంఘములకు ఒక సూచన. ఉగాది సభలలో పౌరాణిక నాటక ఘట్టములను యథాప్రకారముగా ఆడించుకొందము. దానితోపాటు ఏటికొక దినము, ఒక చిన్న హాలు, నాలుగు కొత్త నాటికలకు విడువుడు. ఎంపిక సంఘము వలదు, బహుమానములు వలదు. నియమములు మూడే చాలును: రచన కొత్తదై యుండవలెను, గంటలో ముగియవలెను, పావుగంటలో రంగము ఖాళీ కావలెను. కొన్ని నాటికలు విఫలమగును, కావలసినదే. చూచినవారు ఎచ్చట ఆవులించిరో తెలిసికొన్న రచయిత మరుసటి యేడు మెరుగుగా వ్రాయును.

అంచు లేని చీర పోగులు విడిపోవునని మన నేతగాండ్రకు తెలియును. భాషకును అంతియే. ఆ అంచును నేయు పనికి మన సంఘములు పూనుకొనునుగాక.