మహానగరం – తొలిచూపు

దేశాటనం జ్ఞానాన్ని పెంపొందిస్తుందని పెద్దలు చెప్పగా మనమందరం విన్నవారమే. కాని కంటితో చూచినదంతా జ్ఞానం కాదు. చూచినది మనసున నిలిచి, మాటగా మారి, మరొకరికి అందినప్పుడే జ్ఞానమవుతుంది. పరదేశపు మహానగరంలో తొలిసారి అడుగిడిన యాత్రికుని అనుభవమే ఇందుకు నిదర్శనం.

నెల్లూరు సీమవాసులమైన మనకు కోలాహలం కొత్త కాదు. మైపాడు తీరాన కెరటాల హోరు విన్నవారమే. రొట్టెల పండుగనాడు బారాషహీద్ దర్గా చెంత, స్వర్ణాల చెరువు గట్టున ఇసుక వేస్తే రాలని జనసందోహాన్ని చూచినవారమే. అయినా ఆ సందడిలో మనకు బెదురు కలుగదు. ఏ కేక ఎవరిదో, ఏ పిలుపు దేనికో మనకు తెలుసు. పరాయి నగరంలో చప్పుడు చెవినిబడుతుంది గాని దాని భావం బోధపడదు. అందుచేతనే అది ఇబ్బడిముబ్బడిగా తోస్తుంది.

ఇటువంటి అనుభవాన్ని అక్షరబద్ధం చేసిన తొలితరం యాత్రికులలో యూసుఫ్ ఖాన్ కంబల్‌పోష్ ఒకడు. కంబల్‌పోష్ అనగా కంబళి కప్పుకొన్నవాడని అర్థం. ఆయన జన్మస్థలం మన హైదరాబాదు. లక్నో నవాబు కొలువులో సైనికోద్యోగం చేసి, ఆంగ్లం అభ్యసించి, 1837లో కలకత్తా రేవున ఓడనెక్కాడు. ఆఫ్రికా దక్షిణాగ్రాన్ని చుట్టి అదే సంవత్సరం లండను చేరాడు.

నాటి లండను సామాన్య నగరం కాదు. 1841 జనాభా లెక్కలనాటికి అక్కడ నివసించినవారు సుమారు 19 లక్షలు. రాళ్లు పరచిన వీధులలో ఇనుప పట్టీలు వేసిన బండిచక్రాల మోత, గుర్రపు డెక్కల చప్పుడు, చిల్లర వర్తకుల కేకలు, థేమ్సు నదిలో ఆవిరి పడవల రొద! రాత్రివేళ గ్యాసు దీపాల వెలుగు! కంబల్‌పోష్ అక్కడి భవనాలను, నాటకశాలలను చూచి అబ్బురపడ్డాడు. అయితే అబ్బురపాటుతోనే ఆగలేదు. అక్కడివారి శ్రమను, క్రమశిక్షణను మన నాటి ప్రభువుల విలాస జీవితంతో పోల్చి చూచాడు. ఆశ్చర్యం పోలికకు, పోలిక ప్రశ్నకు దారితీసినవి. ఆయన గ్రంథం 'తారీఖె యూసుఫీ' 1847లో ఢిల్లీలో అచ్చయినది. ఉర్దూలోని తొలి యాత్రా గ్రంథాలలో అది ఒకటి.

తెలుగువారికీ ఆ దశాబ్దంలోనే ఇట్టి భాగ్యం లభించింది. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా ఉండిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న బయలుదేరి, కాశీ సేవించి, కలకత్తా మహానగరాన్ని చూచి, మన నెల్లూరు మీదుగా 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. దారిలో చూచినది చూచినట్లు ఎప్పటికప్పుడు వ్రాసి ఉంచాడు. ఆయన 'కాశీయాత్ర చరిత్ర' 1838లో వెలువడింది. మన కళాశాలలో పక్కపక్కనే బోధించే రెండు భాషలకూ ఇట్లు దాదాపు ఒకే కాలంలో యాత్రాసాహిత్యం సమకూరడం మనకు ముచ్చట గొలిపే విషయం.

ఎప్పటికప్పుడు వ్రాయవలసిన అవసరమేమి? జర్మను పండితుడు గియోర్గ్ సిమ్మెల్ 1903లో మహానగర జీవితంపై వెలువరించిన వ్యాసంలో దీనికి సమాధానం దొరుకుతుంది. నగరంలో క్షణక్షణమూ మీదపడే దృశ్యాలకు, ధ్వనులకు తట్టుకొనుటకై మనసు తనంతట తానే మొద్దుబారుతుందని ఆయన వివరించాడు. అది మనసు తొడుగుకొనే కవచం. కవచం గట్టిపడిన కొలదీ కొత్తదనం కానరాదు.

ఈ సత్యం మాకు అనుభవపూర్వకంగా తెలిసినది. మా పూర్వవిద్యార్థి ఒకరు దుబాయి చేరిన తొలివారంలో మాతో ఫోనులో గంటసేపు మాట్లాడినాడు. ఆకాశాన్నంటే మేడలు, పది భాషలు కలిసి వినబడే బజారు, ఎవరినీ ఎవరూ "ఏ ఊరు?" అని అడగని వింత, తన గదిలో వినబడే యంత్రాల హోరుకు నిద్రపట్టక మైపాడు సముద్రమని భావించుకొని కన్నుమూసిన రాత్రి – అన్నీ చెప్పినాడు. రెండేండ్లకు సెలవుపై వచ్చినప్పుడు, "ఇంకేమి చూచితివి నాయనా?" అని అడిగితిమి. "ఏముంది సార్, అక్కడా ఇంతే" అన్నాడు. జీతం లెక్క మాత్రం పైసలతో సహా చెప్పినాడు. ఆ తొలివారపు మాటలను వ్రాసి పెట్టనందుకు అతనికంటె మాకే ఎక్కువ విచారం కలిగినది.

విద్యార్థులారా! మీలో పలువురు రేపు ఈ తీరం విడిచి దూరదేశాలకు పోవలసినవారే. ఇంటికి డబ్బు పంపండి, అది మీ ధర్మం. దానితోపాటు తొలిరాత్రి చెవినబడిన చప్పుళ్లను నాలుగు పంక్తులలో వ్రాసి పంపండి. తెలుగులోనైనా సరే, ఉర్దూలోనైనా సరే. ఇక్కడ మీ తల్లిదండ్రులు చూడని నగరాన్ని మీ అక్షరాలలోనే చూడవలసి ఉన్నది.