ఎడమచేతి వ్రాత

మీ తరగతిని ఒకసారి కలయజూడండి. ముప్పది నలుబదిమంది ఉన్న తరగతిలో ఇద్దరో ముగ్గురో ఎడమచేత్తో వ్రాస్తూ కనబడతారు. గంట కొట్టిన తరువాత వారి చేతిని చూడండి. చిటికెనవేలి నుండి మణికట్టు దాకా అరచేతి అంచున నీలిరంగు అంటుకొని ఉంటుంది. నోటుపుస్తకం తెరిస్తే అక్షరాల మీద నీడలాగా అదే రంగు. వారు అశుభ్రంగా వ్రాసేవారు కారు. వారి చేయి నడిచే దారి వేరు, అంతే.

తెలుగు, తమిళం, ఇంగ్లీషు మూడింటినీ మనం ఎడమనుండి కుడికి వ్రాస్తాం. కుడిచేతివాటం వారికి చేయి వ్రాతకు ముందు నడుస్తుంది. తడి అక్షరాలు వెనుక మిగిలిపోతాయి. ఎడమచేతివాటం వారికి వ్రాత ముందు, చేయి వెనుక. అప్పుడే వ్రాసిన అక్షరం మీదుగా చేయి జరుగుతుంది. ఉర్దూను కుడినుండి ఎడమకు వ్రాస్తారు కనుక, ఆ లిపిలో ఎడమచేతివారికి ఈ చిక్కు లేదు.

ఈ పాఠం వ్రాస్తున్న నాకూ పుర్రచేతి వాటమే. కారమడైలో రంగనాథస్వామి కోవెల తేరు తిరిగే వీధికి దగ్గరలో మా ఇల్లు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. పలకమీద బలపంతో ‘అ ఆ’లు దిద్దేటప్పుడు, నేను ‘ఈ’ దగ్గరకు వచ్చేసరికి ‘అ’ సగం చెరిగిపోయి ఉండేది. నా చేతి అంచే దానిని తుడిచివేసేది. ఒక ఉపాధ్యాయులు ఎడమచేతి వ్రేళ్ళమీద బెత్తంతో కొట్టి బలపాన్ని కుడిచేతికి మార్చారు. ఏడాదిపాటు కుడిచేత్తోనే వ్రాశాను. అక్షరాలు వంకర పోయాయి, లెక్కలు వచ్చినా వ్రాయడానికి సమయం చాలేది కాదు. చివరకు మా అవ్వ, “అన్నం కుడిచేత్తో తిను, అక్షరం ఏ చేత్తో వస్తే ఆ చేత్తో వ్రాయి” అని తీర్పు చెప్పింది. చేతివాటం పుట్టుకతో వచ్చేది, మెదడు పనితీరుతో ముడిపడినది. కొట్టి మార్పించవలసిన దురలవాటు కాదు. ఆ మాట ఇప్పటికీ కొన్ని ఇళ్ళలో చెప్పవలసి వస్తూనే ఉన్నది.

గాంధీజీ రెండు చేతులతోనూ వ్రాసేవారు. 1909 నవంబరులో లండను నుండి దక్షిణాఫ్రికాకు ఓడలో వెళుతూ ఆయన ‘హింద్ స్వరాజ్’ వ్రాశారు. కుడిచేయి అలసినప్పుడు ఎడమచేతికి మార్చి సుమారు 40 పుటలు వ్రాశారు. గుజరాతీ లిపి కూడ ఎడమనుండి కుడికే నడుస్తుంది. ఆ పుటలు వ్రాసేటప్పుడు ఆయన చేతికి సిరా అంటిందో లేదో మరి!

ఇక కలముల సంగతి. మన పూర్వులు తాటాకుమీద గంటముతో గీసి వ్రాసేవారు. తరువాత మసి పూసి తుడిస్తే గీతలలో మసి నిలిచి అక్షరాలు కనబడేవి. వ్రాసేటప్పుడు తడి లేదు కనుక చెరిగే భయమూ లేదు. సిరా వచ్చిన తరువాతనే ఈ బాధ.

సిరాపెన్నులో పోసేది ఎక్కువభాగం నీరు, అందులో కరిగిన రంగు. కాగితం కొంత నీటిని పీల్చుకొని, మిగిలినది గాలికి ఆరితేగాని అక్షరం నిలవదు. మరొక ఇబ్బంది కూడ ఉన్నది. కుడిచేయి పాళీని లాగుతూ వ్రాస్తుంది. ఎడమచేయి దానిని ముందుకు నెడుతుంది. మొన సన్నగా, వాడిగా ఉంటే కాగితంలో గుచ్చుకొని సిరా చిమ్ముతుంది. లావుపాళీ గుచ్చుకోదు గాని సిరాను ఎక్కువగా వదులుతుంది. అందుచేత సిరాపెన్నుమీద మక్కువ ఉన్నవారు మొన గుండ్రంగా, నునుపుగా ఉన్న నడితరం పాళీని ఎన్నుకోవాలి. ఎడమచేతివారికని ప్రత్యేకంగా చేసిన పాళీలు కూడ కొన్ని విదేశీ కంపెనీలు అమ్ముతున్నవి. అవి మన వీధి దుకాణాలలో దొరకడం అరుదు.

బాల్‌పెన్ను కథ వేరు. హంగేరీ దేశపు పత్రికా రచయిత లాస్లో బీరో, వార్తాపత్రికలు అచ్చువేసే సిరా త్వరగా ఆరడం గమనించి, అటువంటి చిక్కని సిరాతో వ్రాసే పెన్ను కోసం పాటుపడ్డాడు. 1938లో దానికి పేటెంటు పొందాడు. అందులోని సిరా నూనెవంటి ముద్ద. చివరనున్న చిన్న గుండు దొర్లుతూ దానిని పలుచగా పూస్తుంది. ఎడమచేతివారికి నేను మొదట చెప్పే పెన్ను ఇదే. అప్పుడప్పుడు గుండు దగ్గర సిరా చేరి చుక్క పడుతుంది. మొనను ఒక పాత కాగితానికి తుడుచుకుంటూ ఉంటే సరిపోతుంది. 1984లో జపానులో వచ్చిన జెల్‌పెన్ను అందంగా వ్రాస్తుంది, నొక్కనక్కరలేదు. కాని దాని సిరా నీటితో చేసినదే. నున్నని కాగితంమీద త్వరగా ఆరదు. కావాలంటే 0.5 మిల్లీమీటరు మొన ఉన్నది తీసుకోండి.

దుకాణంలో పెన్ను కొనేటప్పుడు అట్టమీద గీతలు గీసి చూస్తే ఏమీ తెలియదు. మీరు వ్రాసే నోటుపుస్తకాన్నే తీసుకొనిపోండి. ఒక పంక్తి వ్రాసి, అయిదు లెక్కపెట్టి, వ్రేలితో రుద్దండి. రంగు సాగితే ఆ పెన్ను మీది కాదు. వ్రేళ్ళు పట్టుకోవడానికి పల్లాలు చేసిన పెన్నులు కొన్ని కుడిచేతికే అమరుతాయి. గుండ్రనిదో, మూడుపలకలదో అయితే రెండు చేతులకూ ఒకటే.

పెన్ను ఎంత మంచిదైనా కూర్చునే తీరు సరిగా లేకపోతే ప్రయోజనం లేదు. చాలామంది చేతికి సిరా అంటకుండా మణికట్టును కొక్కెంవలె వంచి, పంక్తికి పైనుండి వ్రాస్తారు. నాలుగు పుటలయ్యేసరికి మణికట్టు నొప్పి పుడుతుంది. దానికి బదులు కాగితాన్ని మీకు కొంచెం ఎడమవైపు ఉంచి, ఎడమ పైమూల ఎత్తుగా, కుడి పైమూల కిందుగా వచ్చేటట్లు త్రిప్పండి. అప్పుడు చేయి పంక్తికి కిందనే ఉంటుంది. పెన్నును మొనకు మూడు సెంటీమీటర్ల పైన పట్టుకుంటే వ్రాసినది కంటికి కనబడుతుంది.

ఇందులో తెలుగుకు ఉన్న చిక్కు ఒకటి చెప్పాలి. తమిళంలో అక్షరం కింద అక్షరం చేరదు. మనకు ఒత్తులున్నవి. ‘స్వాతంత్ర్యం’ అని వ్రాసి చూడండి. తడి ఒత్తులు పంక్తి కిందికి దిగి, సరిగ్గా చేయి ఆనే చోట నిలుస్తాయి. తమిళం పుట శుభ్రంగా ఉండి తెలుగు పుట మాత్రం మసకబారడానికి ఇదే కారణమని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. తెలుగు వ్రాసేటప్పుడు పంక్తుల నడుమ ఎక్కువ చోటు వదలండి. చేతికింద ఒక చిన్న కాగితం ముక్క వేసుకొని, దానిని చేతితోపాటు కిందికి జరుపుకుంటూ పొండి. పక్కకు ఈడిస్తే అదే సిరాను పూస్తుంది. చుక్క పడితే రుద్దవద్దు. అద్దుడు కాగితమో, సుద్దముక్కో దానిమీద ఆనిస్తే తడిని పీల్చుకుంటుంది.

బల్లమీద ఎడమ చివర కూర్చోండి. పక్కవారి మోచేయి తగలదు. ఎడమవైపు తీగచుట్ట ఉన్న నోటుపుస్తకం చేతికి అడ్డం, కుట్టుపుస్తకమే మేలు. పరీక్షకు వెళ్ళేటప్పుడు ముందుగా పది పుటలైనా వ్రాసి చూసుకున్న పెన్నునే తీసుకొనిపోండి. అటువంటిదే మరొకటి జేబులో ఉంచుకోండి.