గాయం మానాలి... మచ్చ మిగలకూడదు!

ఫిలింనగర్‌లో విలన్ చెంపమీద కత్తిగాటు కావాలంటే మేకప్‌మేన్‌కి ఎంతసేపు? ప్యాకప్ చెప్పగానే తుడిచేస్తే సరి. నిజం గాయం వదిలిన మచ్చ అలా పోదు. చర్మం తెగినచోట పాత అల్లికని మళ్లీ అల్లే తీరిక ఒంటికి ఉండదు. కొల్లాజెన్ అనే ప్రొటీన్‌తో గబగబా అతుకు వేసేస్తుంది. ఆ అతుకే మచ్చ.

కొందరికి గాయాలు మానడమే గగనం. పైచర్మాన్ని లోపలి పొరకి పట్టి ఉంచే 'కొల్లాజెన్-7' జన్యువు పుట్టుకతోనే చెడిపోతుంది. చొక్కా రాసుకున్నా పొక్కులే. సీతాకోకచిలుక రెక్కలా సున్నితం కాబట్టి వీళ్లని 'బటర్‌ఫ్లై చిల్డ్రన్' అంటారు. అమెరికాలో కృష్ కృష్ణన్, సుమా కృష్ణన్ దంపతులు స్థాపించిన క్రిస్టల్ బయోటెక్ వీళ్లకోసం ఓ జెల్ తయారుచేసింది. పెదాలమీద పొక్కులు తెప్పించే హెర్పిస్ వైరస్ ఉంది కదా, అది పెరగకుండా చేసి, అందులో మంచి జన్యువుని పెట్టారు. దొంగచేతికే తాళాలిచ్చినట్టు! పుండుమీద చుక్కలుగా వేస్తే చాలు. 31 మందిమీద పరీక్షిస్తే ఆరునెలలకి 67 శాతం పుళ్లు పూర్తిగా మూసుకున్నాయి. ఉత్తి జెల్ వేసినవాటిలో 22 శాతమే. 2023 మేలో 'వైజువెక్' పేరుతో అక్కడ అనుమతి వచ్చింది.

ఈ జబ్బు కంటినీ వదలదు. కార్నియామీద మచ్చలు కట్టి చూపు మూసుకుపోతుంది. మయామీలో ఓ కుర్రాడికి ఆపరేషన్ చేసి మచ్చ తీసినా మళ్లీ వచ్చేది. 2022లో డాక్టర్ అల్ఫోన్సో సబాటర్ మరోసారి తీసి, ఇదే మందుని కంటిచుక్కలుగా వేశారు. మచ్చ తిరిగి రాలేదు. ఏడాదిలోపే ఆ కంటిచూపు దాదాపు మామూలుకొచ్చింది.

మరి అందరి మచ్చలకీ ఇదే వాడొచ్చుగా? కుదరదు. లేని జన్యువుని ఇచ్చే మందిది. మామూలు మచ్చకి కారణం జన్యులోపం కాదు, ఒంటి తొందర. ఆ తొందరని తగ్గించే డెకోరిన్ జన్యువు కుందేళ్ల కళ్లలో ఫలితమిచ్చింది. మనుషులదాకా రాలేదు. పైగా వైజువెక్ ఖర్చు ఏడాదికి ఆరులక్షల డాలర్ల పైమాటే.

మన పిల్లల కళ్లకి ముప్పు మరోచోట ఉంది. కిళ్లీ సున్నం పొట్లం! నొక్కితే చిట్లి కంట్లో పడుతుంది. కార్నియాని బాగుచేసే మూలకణాలు కాలిపోతాయి. దీనికి విరుగుడు జూబ్లీహిల్స్ పొరుగునే పుట్టింది. 'మిస్సమ్మ' దర్శకుడు ఎల్.వి.ప్రసాద్ కుటుంబం ఇచ్చిన ఐదెకరాల స్థలం, కోటి రూపాయలతో 1987లో బంజారాహిల్స్‌లో మొదలైన కంటి ఆస్పత్రిలో. అక్కడ డాక్టర్ వీరేందర్ సంగ్వాన్ బృందం జన్యువుల జోలికి పోలేదు. బాగున్న కంటి అంచునుంచి రెండు మిల్లీమీటర్ల ముక్క తీసి, దాన్ని సన్నగా తరిగి, దెబ్బతిన్న కంటిమీద పరిచిన ఉమ్మనీటి సంచి పొరమీద పేర్చి అతికించింది. ఆ ముక్కలే మొలకెత్తి కొత్తపొర అల్లుతాయి. 2012లో ప్రచురించిన ఈ 'స్లెట్' పద్ధతికి లేబొరేటరీలో కణాల పెంపకం అక్కర్లేదు. 125 మందికి చేస్తే 76 శాతం కళ్లలో ఫలించింది.

అయితే రెండో కన్ను బాగుంటేనే ఇది సాధ్యం. అందుకే సున్నం పడితే నలపనివ్వకండి. కనిపించే రేణువులు తీసేస్తూ, శుభ్రమైన నీళ్లతో అరగంటైనా కడిగి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.